గృహహింస రక్షణ ఉత్తర్వులు: అలంపూర్ ప్రాంతం

ఇంట్లో ఆడమనిషిని కొట్టడం, తిట్టడం, డబ్బుకు కట్టడిచేయడం, బయటికి గెంటడం ఆపాలని మెజిస్ట్రేటు ఇచ్చే ఆజ్ఞే రక్షణ ఉత్తర్వు. దీనికి ఆధారమైన గృహహింస చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది.

అంతకుముందు ప్రధానంగా రెండే దారులు. ఒకటి 1983లో శిక్షాస్మృతిలో చేరిన 498ఎ కేసు, రెండోది మనోవర్తి. మొదటిది భర్తను జైలుకు పంపగలిగేది, రెండోది నెలకింత ఇప్పించగలిగేది. గెంటేసిన రాత్రి ఆమె పిల్లలతో ఎక్కడ తలదాచుకోవాలో రెండూ చెప్పలేదు. పెద్దమనుషుల పంచాయితీలో తరచూ దొరికేది సర్దుకుపొమ్మన్న మాటే.

కొత్త చట్టంలోని 19వ సెక్షన్ ఆ లోటు తీర్చింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంటి నుంచి ఆమెను వెళ్లగొట్టకుండా ఉత్తర్వు ఇవ్వవచ్చు. అయితే 2006 డిసెంబరులోనే సుప్రీంకోర్టు అత్తమామల సొంత ఇంటికి ఈ హక్కు వర్తించదంది. 2020 అక్టోబరులో ఆ తీర్పును తానే కొట్టేసింది. మధ్యలోని పద్నాలుగేళ్లూ కోడళ్లకు తీరని నష్టం.

అలంపూర్‌కు మరీ ముఖ్యమైనది 27వ సెక్షన్. తుంగభద్రకు ఇవతల అలంపూర్, అవతల కర్నూలు జిల్లా. రెండు గట్ల ఊళ్లకూ పెళ్లి సంబంధాలున్నాయి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక అత్తిల్లు ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు మరో రాష్ట్రంలో పడ్డాయి. అయినా ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోటి మెజిస్ట్రేటుకే అర్జీ పెట్టుకోవచ్చు. ఆ ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. ప్రతిని కోర్టు ఉచితంగా ఇచ్చి, సంబంధిత పోలీస్ స్టేషన్‌కూ పంపాలి. మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ; అది బెయిలు హక్కు లేని నేరం.

కోర్టుల్లో ఈ అర్జీలకు డి.వి.సి. (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) నంబరు వేస్తారు. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలి, అర్జీని అరవై రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలి. ఈ గడువు నిలబడటం అరుదు. అందుకే 23వ సెక్షన్ కింద వెంటనే ఇచ్చే మధ్యంతర ఉత్తర్వుకు అంత విలువ.

అర్జీ రాయడంలో సాయపడాల్సింది జిల్లా స్థాయిలో ఉండే రక్షణ అధికారి. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడేదాకా అలంపూర్‌కు జిల్లా కేంద్రం సుమారు వంద కిలోమీటర్ల దూరాన ఉన్న మహబూబ్‌నగర్. అయితే హింస గురించి ఆ అధికారి ఇచ్చే నివేదిక లేకున్నా మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2022 మేలో స్పష్టం చేసింది.