బోధన సాఫ్ట్‌వేర్‌లో జ్ఞాన ప్రాతినిధ్యం

పాఠ్యవిషయాన్నీ విద్యార్థి అవగాహననూ కంప్యూటరు వాడుకోగల రూపంలో పొందుపరచడాన్ని జ్ఞాన ప్రాతినిధ్యం అంటారు. 1970లో హైమె కార్బొనెల్ వివరించిన ‘స్కాలర్’ అనే బోధన ప్రోగ్రాము దక్షిణ అమెరికా భూగోళాన్ని అర్థజాలంగా, అంటే భావనలను కలిపే వలగా, దాచుకుంది. వాస్తవాలకు అది సరిపోతుంది, లెక్కలకు చాలదు; వాటికి వేరే పద్ధతులున్నాయి.

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో 52 దిమ్మల్లో 38 అమ్మితే 26 మిగులుతాయని ఒక విద్యార్థి రాశాడనుకుందాం. లెక్క చేసే తీరును నియమాలుగా రాసుకునే నియమాల పద్ధతి అతని అడుగులను వెంబడిస్తుంది: ఒకట్ల స్థానంలో అప్పు తెచ్చుకోకుండా 8లోంచి 2 తీసేశాడని పట్టుకుంటుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ ఆండర్సన్ బృందం ఈ పద్ధతిని పెంచింది. స్టెల్లన్ ఓల్సన్ ప్రతిపాదించిన నిబంధనల పద్ధతికి జవాబు చేరిన దారితో పనిలేదు. అమ్మినవీ మిగిలినవీ కలిపితే 52 రావాలి, 64 వచ్చాయి అని మాత్రమే చెబుతుంది. దీని తయారీ సులువే గానీ, పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో చూపగలిగేది నియమాల పద్ధతే. శ్రమ ఎక్కువైనా ప్రాథమిక గణితానికి అదే మేలు. ఇక విద్యార్థి అవగాహన విషయానికొస్తే, కార్బెట్, ఆండర్సన్‌ల సంభావ్యతా నమూనా ఊహించి రాసిన జవాబుకూ, తెలిసీ పొరబడినదానికీ చోటిచ్చి, నైపుణ్యం ఏ మేరకు అబ్బిందో అంచనా కడుతుంది.