డేరాలు – దౌరాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసిమ్మని కార్యవర్గ మిత్రులు కోరారు. రాజులను గురించీ యుద్ధాలను గురించీ రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం క్యాంపు గుమాస్తాగా గడిపినవాణ్ణి. కనుక నాకు తెలిసిన వస్తువును గురించే రాస్తాను. అది డేరా. దాన్ని వేయడం గురించి కాదు, విప్పి మడతపెట్టడం గురించి. గత వేసవిలో మా మనవడు స్నేహితులతో కొండలకు వెళ్ళి వచ్చాడు. తెచ్చుకున్న నైలాన్ గుడారం మడత కుదరక, దాన్ని సంచిలోకి మోకాలితో కుక్కుతుంటే చూశాను. అప్పుడు కలిగిన ఆలోచనే ఈ వ్యాసం.

'బిచాణా ఎత్తేశాడు', 'మకాం మార్చాడు' అని మనం రోజూ అనే మాటలే. ఇవన్నీ దండు బాటల నుంచి ఇంటి వాకిట్లోకి వచ్చిన మాటలు. ఉర్దూ అన్న మాటకే మొదట దండు విడిది అని అర్థం. పగలంతా నడవడం, సాయంత్రానికి ఒక ఊరు ఊరంత గుడ్డతో కట్టుకోవడం, తెల్లవారుజామున దాన్ని మళ్ళీ మూటగట్టుకోవడం, ఇలాగే ఒకప్పుడు ఈ దేశంలో పరిపాలన సాగింది.

మొగలాయీల పద్ధతి చూడండి. పాదుషాకు రెండు జతల డేరాలుండేవి. ఆయన ఒక జతలో ఉండగానే రెండవ జత తరువాతి మజిలీకి ముందుగా వెళ్ళిపోయేది. దీనికి పేష్‌ఖానా అని పేరు. అక్బరు కాలపు ఏర్పాట్లను అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో లెక్కలతో సహా రాసిపెట్టాడు. ఒక విడిది సామాను మోయడానికి 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది మోతగాళ్ళు కావాలి. డేరా పనికి 1,000 మంది ఫరాషులు. ఏనుగుల లెక్క దొరికింది, ఒంటెల లెక్క దొరికింది. ఆ వెయ్యిమందిలో ఒక్కడి పేరూ దొరకదు.

1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు ఆ డేరాల నగరం మన గడ్డ మీదే నెలల తరబడి నిలిచింది. ఆ ఏటి వానలు మొగలు దండును ముప్పుతిప్పలు పెట్టాయని చరిత్రకారులు రాశారు. సెప్టెంబరులో కోట పడింది. ఆ బురదలో నానిన గుడ్డను ఆరబెట్టి చుట్టినవాళ్ళ పాట్లు మాత్రం ఎవరూ రాయలేదు.

కుంపెనీ వారు వచ్చాక డేరా పాదుషా చేతి నుంచి కలెక్టరు చేతికి వచ్చింది. 1800లో నిజాము దత్తమండలాలను కుంపెనీకి అప్పగించాడు. ఆ ప్రాంతానికే 1928లో నంద్యాల సభల నాడు రాయలసీమ అన్న పేరు పెట్టారు. అక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా పనిచేశాడు. ఊరూరా తిరిగి, పొలాలు కొలిపించి, రైతువారీ శిస్తు ఏర్పరచాడు. ఆ తిరుగుడులో ఆయన కచేరీ చాలా భాగం డేరాలోనే నడిచింది. తరువాత మద్రాసు గవర్నరై, పదవి విడిచి స్వదేశం వెళ్ళబోతూ, ఆ జిల్లాలను ఒకసారి చూసిపోదామని బయలుదేరాడు. 1827 జులై 6న పత్తికొండ మకాంలో కలరా సోకి కన్నుమూశాడు. ఆ రోజు ఆ డేరాలు విప్పినవారి మనసు ఎలా ఉండి ఉంటుందో క్యాంపు ఉద్యోగం చేసినవారికి చెప్పనక్కరలేదు.

సర్వే వారిదీ అదే కథ. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర పరంగికొండ వద్ద ఆధారరేఖ కొలవడంతో దేశపు మహా త్రికోణమితి సర్వే మొదలైంది. ఆయన కోణాలు కొలిచే యంత్రం అర టన్ను బరువు. దాన్ని కొండలెక్కించాలి, గుడి గోపురాలెక్కించాలి, ఎండకూ గాలికీ తగలకుండా గుడారం కింద నిలపాలి. 1818 చివర జార్జి ఎవరెస్టు హైదరాబాదు వచ్చి ఆయనతో చేరాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో సర్వే చేస్తుండగా చలిజ్వరం ఆ బృందమంతటినీ పడగొట్టింది. లాంబ్టన్ సైతం 1823లో ప్రయాణంలోనే, హింగన్‌ఘాట్ మకాంలో మరణించాడు. ఎవరెస్టు పేరు శిఖరానికి వచ్చింది. యంత్రాన్నీ గుడారాన్నీ మోసిన ఖలాసీల పేరు ఏ గుట్టకూ రాలేదు.

ఇక మనకు కళ్ళారా తెలిసిన కాలం. జమాబందీకి దొరగారు వస్తున్నారంటే రెండు రోజుల ముందే మామిడితోపులో డేరాలు లేచేవి. కరణాలు లెక్కల కట్టలతో బారులు తీరేవారు. తెలంగాణ మిత్రులు దీనినే దౌరా అంటారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రోడ్లూ జీపులూ పెరిగాయి. అధికారి ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేయడంతో క్యాంపు డేరా క్రమంగా మూలపడింది.

నూలు కాన్వాసు డేరా మడతపెట్టడం ఒక విద్య. మా పెద్ద ఖలాసీ చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. ముందు లోపలి సామాను తీసి, గుడ్డకు అంటిన మట్టి దులపాలి. తాళ్ళు సడలించి పైగుడ్డ దించాలి. తరువాతే లోగుడ్డ, ఆఖరున నడిమి గుంజ. గుడ్డను నేల మీద పరచి రెండు వైపులా ఎండబెట్టాలి. అంచులను మధ్యకు తెచ్చి, గాలి పోయేలా అరచేతులతో నొక్కుతూ చుట్టాలి. ప్రతిసారీ ఒకే గీత మీద మడిస్తే ఆ గీత మీదే చిరుగుతుంది. మేకులను కడిగి, ఎంచి, వేరే సంచిలో వేయాలి, లేకపోతే గుడ్డను పొడుస్తాయి. గదిలో చెక్కల మీద పెట్టాలి, నేల మీద పెడితే చెదలు. అన్నిటికన్నా ముఖ్యం, తడిగా మడవకూడదు. తడి నూలుకు బూజు పడితే ఆ పోగు మళ్ళీ నిలవదు.

ఇది నాకు తెలిసీ చేసిన తప్పు ఒకటి ఉంది. ఏ ఊరో, ఏ ఆఫీసో చెప్పను. ఒక ఆశ్వయుజంలో రాత్రంతా వాన కురిసింది. తెల్లవారేసరికి అధికారిగారు బయలుదేరదామన్నారు. ఖలాసీ నా దగ్గరకు వచ్చి, "బాబూ, ఒక్క పూట ఆగమని చెప్పండి. ఎండ వచ్చేలా ఉంది, ఆరనిచ్చి చుడతాను" అన్నాడు. అధికారిగారికి ఎదురుచెప్పే ధైర్యం నాకు లేదు. "ఏమోయ్, చెప్పినట్టు చెయ్యి" అన్నాను. వయసులో అతను మా నాన్నగారంతటివాడు. మారుమాట్లాడకుండా చుట్టాడు. బండి దిగాక మళ్ళీ పరవడానికి చోటూ దొరకలేదు, రోజులూ దొరకలేదు.

నాలుగు నెలల తరువాత తనిఖీలో ఆ మూట విప్పితే నల్లటి మచ్చలు. పట్టుకుంటే పట్టుకున్న చోటల్లా చిరిగింది. నష్టం ఖలాసీ జీతంలో వాయిదాల మీద రాబట్టాలని ఉత్తర్వు. దాని ముసాయిదా రాసింది నేనే. తడిగా చుట్టమన్నది మేమేనని ఒక్క వాక్యం అందులో రాసి ఉండవచ్చు. రాయలేదు. అతను వేలిముద్ర వేసి, "తడి మడతకు మందు లేదు బాబూ" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ వాయిదాలు తీరిన కొద్దికాలానికే అతను పదవీ విరమణ చేశాడు. వీడ్కోలు సభ లేదు, దండ లేదు. ఆ రోజు నేను మరో క్యాంపులో ఉన్నాను.

మన పెన్షన్ల కోసం, కరువుభత్యం కోసం మనం ఎన్ని అర్జీలు రాసుకున్నాం! ఒక పేదవాడి జీతం నిలబెట్టగల వాక్యం ఒకటి నా కలం నుంచి రాలేదు. ఇన్నేళ్ళకు ఈ సంచికలో రాస్తున్నాను. ఆలస్యమైందని తెలుసు.

చివరగా సభ్యులకూ వారి కుటుంబాలకూ ఒక మనవి. మీతో పనిచేసిన ఖలాసీలు, బంట్రోతులు, డఫేదార్లు గుర్తుంటే నాలుగు మాటలు రాసి సంఘానికి పంపండి. మీ తండ్రిగారో తాతగారో ఆ పని చేసి ఉంటే తప్పక పంపండి. అబుల్ ఫజల్ వదిలేసిన పేర్లు మనం ఎలాగూ తేలేము. మన కళ్ళముందు పనిచేసినవారి పేర్లయినా మిగలాలి.

మా మనవడి గుడారాన్ని మళ్ళీ బయటకు తీయించి, డాబా మీద ఒక పూట ఎండబెట్టించాను. "నైలాన్‌కు ఏమీ కాదు తాతయ్యా" అన్నాడు. కాకపోవచ్చు. అయినా ఇద్దరం చెరో వైపు పట్టుకుని, ఆరాకే మడతపెట్టాం.