రేనాటి మనుషుల పేర్లు, వాటి అక్షరాలు

రేనాటి పేర్లు: కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వాడుకలో ఉన్న సొంతపేర్లు, వాటిని రాసే పద్ధతి. పెన్నా, కుందూ, చిత్రావతి, పాపాఘ్ని నదులు తడిపే ఈ నేలను పాత శాసనాలు రేనాడు అన్నాయి. ఇక్కడ పేరు పెట్టడంలో దేవుడికి, నక్షత్రానికి, చనిపోయిన పెద్దలకు, కులానికి తలా కొంత వాటా ఉంది. ఆ పేరును ఏ అక్షరాలతో రాయాలన్న విషయంలో మాత్రం ఏ కాలంలోనూ ఒక కట్టడి లేదు. రాసేవాడి చెయ్యి ఎటు తిరిగితే పేరు అటు తిరిగింది. శాసనం చెక్కినవాడి నుంచి ఇప్పటి ఆధార్ కేంద్రంలో కీబోర్డు నొక్కే కుర్రాడి దాకా ఇదే వరస.

శాసనాల్లో

తెలుగు వాక్యంలో మనిషి పేరు ఎలా ఉండేదో చూడాలంటే ఎర్రగుంట్ల పక్కన ఉన్న కలమళ్లకు పోవాలి. అక్కడి చెన్నకేశవ–సిద్ధేశ్వరాలయంలో దొరికిన శాసనాన్ని క్రీ.శ. 575 నాటిదిగా చరిత్రకారులు లెక్కగట్టారు. ఇప్పటికి దొరికిన వాటిలో పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనం ఇదే. వేయించినవాడు రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. పేరులో సగం దేశి, సగం సంస్కృతం. 'ముత్తురాజు' ఈ నేల మీద వాడిన బిరుదు, 'ధనంజయుడు' భారతంలోని అర్జునుడు. వెంకటసుబ్బారెడ్డి అనే పేరులో ఈనాడు కనిపించే కలగలుపు ఆనాడే ఉందన్నమాట.

ఇంకా చిత్రం రాతలో ఉంది. కలమళ్ల రాయి మీద ఆయన పేరు చివర 'డు' బదులు 'దు' ఉంది, ముత్తురాజులో తకారానికి ఒత్తు లేదు. దగ్గర్లోని ఎర్రగుడిపాడు శాసనంలో అదే బిరుదు ఒత్తుతో 'ముత్తురాజు' అయింది. అందులోనే సాక్షిగా ఉన్న ఒకాయన పేరు 'దుజయ'. సంస్కృతం తెలిసినవాళ్లు దాన్ని దుర్జయ అని చదువుకుంటారు. రేఫ ఎగిరిపోయింది. ఇది చెక్కినవాడి పొరపాటు అనుకోవడానికి లేదు. నోటితో పలికినట్టు రాయడం అప్పటి పద్ధతి. ఇప్పటికీ సిద్ధయ్యను 'సిద్దయ్య' అనీ, ధనంజయను 'దనంజయ' అనీ ఒత్తు తీసేసి రాసేవాళ్లు పల్లెపల్లెకూ ఉన్నారు. వాళ్లను చదువురానివాళ్లని నవ్వేముందు ఆ రాయిని తలుచుకోవాలి.

ఈ వంశం పేరులోనే ఒక అక్షరం పోయింది. పాత తెలుగులో 'చోఴ' అని రాసేవారు. తమిళులు ఈనాటికీ నిలుపుకున్న ఆ ధ్వని తెలుగులో నిలవలేదు. చాలా మాటల్లో అది 'డ'గా మారింది, 'ఏఴు' ఏడు అయింది. అందుకే ఇదే వంశాన్ని కొందరు రేనాటి చోళులు అంటే, కొందరు రేనాటి చోడులు అంటారు. రెండూ ఒకటే. వాడుకలో వెయ్యేళ్ల కిందటే పోయిన ఆ 'ఴ' అక్షరానికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2014లో. ఇప్పుడు ధనంజయుడి వంశాన్ని ఆయన కాలపు అక్షరంతోనే ఫోనులో రాసుకోవచ్చు.

ఇదే వంశానికి చెందిన పుణ్యకుమారుడి మాలేపాడు తామ్రశాసనంలో పేరుతో పాటు 'పోర్ముఖరామ', 'మార్దవచిత్త' వంటి బిరుదులు ఉన్నాయి. యుద్ధంలో రాముడు, మనసు మాత్రం మెత్తన. రాజుల పేర్లు ఇన్ని దొరికినా, వాళ్ల పొలాలు దున్నినవాళ్ల పేర్లు అంత సులభంగా దొరకవు.

దేవుడి పేరు, చివరి తోక

ఈ ప్రాంతపు పేర్లలో ఎక్కువ భాగం చుట్టుపక్కల గుళ్ల నుంచి వచ్చినవే. జమ్మలమడుగులో నారాపుర వెంకటేశ్వరస్వామి ఉన్నాడు, అందుకే నారపురెడ్డి అనే పేరు ఈ వైపు వినిపించినంతగా ఇంకో చోట వినిపించదు. పులివెందులలో రంగనాథస్వామి ఉన్నాడు, రంగారెడ్డి, రంగయ్య, రంగమ్మ ఉన్నారు. చెన్నకేశవుడి నుంచి చెన్నారెడ్డి, చెన్నయ్య, చెన్నమ్మ వచ్చారు. తొగట నేతగాళ్ల ఇలవేల్పు చౌడేశ్వరి పేరు చౌడప్పలో, చౌడమ్మలో ఉంది. ప్రొద్దుటూరు వైశ్యుల ఇళ్లలో వాసవి, కన్యక అమ్మవారిశాల నుంచి వచ్చిన పేర్లు. వెంకటేశ్వరుణ్ణి, సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి కలిపితే వెంకటసుబ్బయ్య. హరిహరులిద్దరినీ ఒక్క మనిషిలో కూర్చోబెడితే వెంకటశివారెడ్డి.

వీటన్నిటిలోకి ఈ సీమ ముద్ర ఎక్కువగా ఉన్నది అహోబిల నరసింహుడి పేరు. అహోబిలం జిల్లా దాటి ఆళ్లగడ్డ పక్కన ఉన్నా, ఆ స్వామి భక్తులు పెన్న ఒడ్డు దాకా ఉన్నారు. అహోబలేశుడు నోట్లో నలిగి ఓబులేసు అయ్యాడు. ఓబులేసు నుంచి ఓబుళరెడ్డి, ఓబయ్య, ఓబన్న, ఓబులప్ప, ఓబులమ్మ. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంఫిణీ మీద తిరగబడినప్పుడు వెంట నిలిచిన వడ్డె ఓబన్నదీ ఇదే పేరు. నాయకుడి పేరు నరసింహ, అనుచరుడి పేరు ఓబన్న. ఇద్దరిదీ ఒకే దేవుడు.

దేవుడు ఒకడే అయినా పేరు చివర తోక మనిషిని బట్టి మారింది. పొలం ఉన్నవాడి కొడుకు ఓబుళరెడ్డి. శెట్టి ఇంట్లో పుట్టినవాడు ఓబయ్యశెట్టి. దళితవాడలో పుట్టినవాడు ఎంత వయసు వచ్చినా ఊరి నోట 'ఓబిగాడు'. పేరు చివరి అక్షరాలు చదివితే మనిషి కులం, ఊళ్లో అతను ఎక్కడ కూర్చోవచ్చో, ఎక్కడ కూర్చోకూడదో తెలిసేది. బడి చదువు వచ్చాక ముందు పోయింది ఈ 'గాడు'. ఓబిగాడి మనవడు బడి రిజిస్టరులో ఓబులేసుగానో, నరసింహులుగానో చేరాడు. కొందరు పాత దేవుణ్ణే వదిలేశారు. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపకు వచ్చాక, ఆ తరువాత జమ్మలమడుగులో కాంబెల్ పేరుతో ఆసుపత్రి కట్టాక, చుట్టుపక్కల పల్లెల్లో దేవదానం, ఏసన్న, రత్నమ్మ, యోహాను, యాకోబు కనిపించసాగారు. ఆ యోహాను మనవడు ఈనాడు జాన్. తెలుగు బైబిలు అక్షరాలు పోయి ఇంగ్లీషు బైబిలు అక్షరాలు వచ్చాయి.

దర్గాలు ఇచ్చిన పేర్లు ఇంకో పాయ. దస్తగిరి, మస్తాన్, హుసేన్, ఖాదర్, ఫకీరు అనే పేర్లను ముస్లిములే పెట్టుకుంటారని బయటివాళ్లు అనుకుంటారు. కానీ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ పీరు పేరే పెట్టడం సీమలో హిందువుల ఇళ్లలోనూ మామూలే, దస్తగిరిరెడ్డి, మస్తానయ్య, ఫకీరప్ప ఇలా వచ్చినవాళ్లే. దూదేకులవాళ్లలో హుసేనయ్య, ఖాసిమయ్య అని ముస్లిం పేరుకు తెలుగు 'అయ్య' తగిలిస్తారు. వీరబ్రహ్మంగారి శిష్యుడైన దూదేకుల సిద్దయ్య పేరు అన్ని కులాల్లోనూ ఉంది. మహబూబ్ ఈ నోళ్లలో 'మాబు' అయింది, ఖాదర్ 'కాదరు' అయింది. అరబ్బీలో గొంతు లోపలి నుంచి వచ్చే 'ఖ'కు తెలుగులో సరైన అక్షరం లేదు, ఉన్న ఒత్తు ఖకారాన్ని పల్లె నోరు పలకదు. దీన్ని తప్పు ఉచ్చారణగా రాసిన పుస్తకాలు ఉన్నాయి, ఆ మాట నిలవదు. ఆ పేరు ఇక్కడికి వచ్చి వందల ఏళ్లయింది, అది ఇప్పుడు ఇక్కడి పేరే.

వరసగా బిడ్డలు చనిపోతుంటే పుట్టినవాడికి పుల్లయ్య అనో, పెంటయ్య అనో పెట్టేవారు, దిష్టి తగలకుండా. ఆసుపత్రులు వచ్చాక ఈ పేర్లు సన్నగిల్లాయి.

పెద్దవాళ్ల పేర్లు

మొదటి మగబిడ్డకు జేజినాయన పేరు, ఆడబిడ్డకు జేజి పేరు పెట్టడం ఇప్పటికీ పోలేదు. దాంతో ఒక చిక్కు. కోడలు మామ పేరు ఎత్తకూడదు, కన్నకొడుకుదేమో అదే పేరు. అందుకే ఇంట్లో పిల్లవాణ్ణి 'అబ్బయ్య' అనో, 'నాయనా' అనో పిలుస్తారు. బడిలో వేసేదాకా పిల్లవాడికి తన అసలు పేరు తెలియని ఇళ్లు ఉండేవి. అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకే తాత పేరు వస్తే పెద్ద, నడిపి, చిన్న చేర్చి విడదీస్తారు. పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు. ఇంటి గుర్తుగా మొదలైన ఈ మాటలు పట్టాదారు పాసుపుస్తకాల్లోకి ఎక్కి పేరులో భాగమైపోయాయి. నలభై ఏళ్లు దాటి, ఆరడుగులున్న 'చిన్న' మనుషులు ఇక్కడ చాలామంది.

నక్షత్రం ఇచ్చే అక్షరం

పేరు మొదటి అక్షరానికి ఒక పట్టిక ఉంది. పంచాంగంలో 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, పాదానికి ఒక అక్షరం చొప్పున 108. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణి మొదటి పాదానికి 'ఓ'. మృగశిర మొదటి పాదానికి 'వే'. పై లెక్కన రోహిణిలో పుట్టినవాడు ఓబులేసు కావడం, మృగశిరలో పుట్టినవాడు వెంకటయ్య కావడం శాస్త్రానికీ, ఇలవేల్పుకూ ఒకేసారి సరిపోతుంది. ఇబ్బంది వచ్చేది ఆరుద్ర మూడో పాదానికి. అక్కడ అక్షరం 'ఙ'. హస్త మూడో పాదానికి 'ణ'. ఈ అక్షరాలతో మొదలయ్యే తెలుగు పేరు లేదు, ఉండబోదు. పురోహితులు దగ్గరి అక్షరంతో సర్దుతారు, లేదా జాతకంలో ఒక పేరు రాసి పిలవడానికి ఇంకోటి పెట్టమంటారు. సంస్కృత వర్ణమాల కోసం తయారైన పట్టికను తెలుగు ఇళ్ల మీద పరిస్తే ఇట్లాగే ఉంటుంది.

అక్షరాల పట్టికను ప్రభుత్వమే నడిపే దేశం ఒకటుంది, దక్షిణ కొరియా. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నందున కిమ్, పార్క్, లీ అనే ఇంటిపేర్లు పులివెందులవాళ్లకు కొత్త కాదు. కొరియావాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. సొంతపేరు ఎక్కువగా రెండు అక్షరాలు. వాటిలో ఒకదాన్ని ఒకే తరానికి చెందిన అన్నదమ్ములు, పెదనాన్న చిన్నాన్న పిల్లలు పంచుకోవడం పాత ఆచారం. ధ్వనిని 15వ శతాబ్దంలో సెజోంగ్ రాజు చేయించిన హంగుల్ లిపిలో రాస్తారు. అర్థాన్ని మాత్రం చైనా అక్షరం తేలుస్తుంది. 'సు' అనే ఒక్క ధ్వనికి నీరు, దీర్ఘాయువు, శ్రేష్ఠత అనే వేరువేరు అర్థాలున్న అక్షరాలు ఉన్నాయి, ఏది తమదో తల్లిదండ్రులు రిజిస్టరులో రాయించాలి. ఎవరికిష్టమైన అక్షరం వాళ్లు వాడితే గుమాస్తాలు చదవలేరని అక్కడి సుప్రీంకోర్టు పేర్లకు పనికొచ్చే అక్షరాల పట్టిక ఒకటి ప్రకటించింది. 1991లో 3,000 లోపు అక్షరాలతో మొదలైన ఆ పట్టిక జనం అడిగినకొద్దీ పెరిగి ఇప్పుడు 9,000 దాటింది. హనుల్ (ఆకాశం) లాంటి అచ్చ కొరియా పేరు పెట్టుకుంటే చైనా అక్షరం అక్కర్లేదు.

మనకు అలాంటి పట్టిక లేదు. ఉండాలని కోరడమూ అనవసరం. 56 అక్షరాలు నేర్చిన ఎవరైనా ఏ తెలుగు పేరైనా చదవగలరు. మన తంటా అంతా ఆ పేరు తెలుగు వదిలి ఇంగ్లీషులోకి పోయినప్పుడు మొదలవుతుంది.

ఇంటిపేరు, పొడి అక్షరాలు

ఈ మూడు ఊళ్ల రచయితల పేర్లు చూస్తే రాతపద్ధతి ఎలా మారిందో తెలుస్తుంది. జమ్మలమడుగులో 1888లో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని, ప్రొద్దుటూరులో స్థిరపడిన గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేశారు. పూర్తి ఇంటిపేరు, పూర్తి సొంతపేరు. శాస్త్రిగారు 'వేంకట' అని దీర్ఘంతోనే రాశారు, ఎందుకంటే సంస్కృతంలో అది దీర్ఘమే. ఊళ్లో ఎవరూ దీర్ఘం తియ్యరు, వెంకటయ్యే. ప్రొద్దుటూరులోనే 'శివతాండవం' రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులుదీ అదే పాత పద్ధతి.

తరువాతి తరంలో పులివెందుల వైపు పైడిపాలెంలో 1922లో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి 'రా.రా.' అయ్యాడు. ఇవి తెలుగు పొడి అక్షరాలు. కథకుడు వై.సి.వి. రెడ్డివి ఇంగ్లీషు పొడి అక్షరాలు. సినిమాలు తీసిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి కూడా లోకానికి బి.ఎన్. రెడ్డి. అన్నిటికన్నా పేరుపడ్డవి జమ్మలమడుగు ఆసుపత్రిలో 1949లో పుట్టి, ముఖ్యమంత్రిగా చేసిన రాజశేఖరరెడ్డివి. ఆయన ఇంటిపేరు యెడుగూరి సందింటి అని తెలిసినవాళ్లు తక్కువ, 'వై.ఎస్.' తెలియనివాళ్లు లేరు. 2010లో జిల్లా పేరుకే ఆ ఇంగ్లీషు అక్షరాలు ఎక్కాయి. ఇంగ్లీషు పొడి అక్షరాలను తెలుగు లిపిలో రాసుకోవడం ఎంత అలవాటైందంటే, 'రా.రా.' పద్ధతే ఇప్పుడు వింతగా కనిపిస్తుంది. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో రా.రా.దే సరైన దారి, కానీ దాన్ని పట్టుకున్నవాళ్లు కొద్దిమంది.

ఇంగ్లీషు రాత

ఇంగ్లీషులో త, ట లకు ఒకే అక్షరం. ద, డ లకు ఒకటే, ల, ళ లకు ఒకటే. రమ, రామ, రామా ముగ్గురూ కాగితం మీద ఒక్కరైపోతారు. సునీతలో 'త'కు ఒక్క టీ చాలా, పక్కన హెచ్ కూడా పెట్టాలా అన్నది బడిలో చేర్చుకున్న మాస్టరు అలవాటును బట్టి తేలుతుంది. రెడ్డి చివర 'వై' రాసేవాళ్లున్నారు, బి.ఎన్. రెడ్డి సోదరుల్లా 'ఐ' రాసినవాళ్లూ ఉన్నారు. దీని మీద న్యూమరాలజీ వచ్చి అదనంగా ఒక 'ఏ', ఒక 'హెచ్' అతికించింది. పలుకులో తేడా ఉండదు, లెక్కలో అదృష్టం ఉంటుందట. నక్షత్రపు అక్షరం మొదటిదానితో ఆగితే, ఈ కొత్త శాస్త్రం పేరంతా తడుముతుంది. పైగా డబ్బు ఎక్కువ పుచ్చుకుంటుంది.

ఫలితం తెలిసిందే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక రాత, ఆధార్‌లో ఇంకో రాత, పాసుపుస్తకంలో మూడోది. గల్ఫ్‌కో, అమెరికాకో పోవడానికి పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఇంటిపేరు ముందు నుంచి వెనక్కి పోతుంది, కొందరికి తండ్రి పేరే ఇంటిపేరవుతుంది. దిద్దుకోవాలంటే అఫిడవిట్, పత్రికా ప్రకటన, రాష్ట్ర గెజిట్.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం బిడ్డ పేరు లేకుండానే పుట్టుకను నమోదు చేయించుకోనిస్తుంది. ఏడాదిలోగా రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల దాకా కొద్ది రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. తొందరపడి ఆసుపత్రి గుమాస్తా నోటికి వదిలేయనక్కర్లేదు. పేరును తెలుగులో, ఇంగ్లీషులో ఎట్లా రాయాలో ఇంట్లోనే తేల్చుకుని కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితం నకలు ఒకటి దాచుకుని, బడిలో చేర్చేటప్పుడూ అదే చూపించండి.