వాగ్యూ గ్రేడు వెనుక ఆబోతుల లెక్క

వాగ్యూ అంటే ఒక్క జాతి కాదు. జపాన్‌లోని నాలుగు మాంసపు పశుజాతులకు అది ఉమ్మడి పేరు. అందులో తొంభై శాతానికి పైగా నల్ల వాగ్యూలే. ప్రపంచంలో అతి ఖరీదైన గొడ్డుమాంసంగా పేరుపడింది వీటిదే. కండలో సన్నగా అల్లుకున్న కొవ్వు చారలకే ఆ ధర. మేపు వల్ల అవి కొంత పెరుగుతాయి గానీ, మంచి దాణా వేసినంత మాత్రాన ప్రతి పశువుకూ రావు. ఏ ఆవును ఏ ఆబోతుతో దాటించాలో నూరేళ్ళకు పైగా చూసుకుంటూ వస్తే ఇంతవరకు వచ్చింది.

గ్రేడు తేలేది పశువును కోశాకే. కళేబరాన్ని నిలువునా రెండు చెక్కలు చేసి చల్లగదిలో ఉంచుతారు. తర్వాత ఆరో, ఏడో పక్కటెముకల మధ్య కోత పెడితే వెన్నుకండ అడ్డంగా బయటపడుతుంది. గ్రేడరు దాని మీద టార్చి వేసి చూస్తాడు. కొవ్వు చారలు, మాంసం రంగు, బిగువు, కొవ్వు రంగు అనే నాలుగింటికీ విడివిడిగా 1 నుంచి 5 దాకా మార్కులుంటాయి. అన్నిటికన్నా తక్కువ వచ్చిందే చివరి గ్రేడు. మూడింట అయిదు తెచ్చుకుని ఒక్క దాంట్లో నాలుగు వస్తే ఆ పశువుది నాలుగో గ్రేడే. చారలకు మాత్రం 1 నుంచి 12 దాకా ఇంకో సూక్ష్మమైన కొలబద్ద ఉంది. అయిదో గ్రేడు రావాలంటే అందులో ఎనిమిదైనా ఉండాలి. ఇక ‘ఎ-5’లో మొదటి అక్షరం కళేబరం నుంచి ఎంత మాంసం దిగుతుందో చెబుతుంది తప్ప రుచి గురించి కాదు. హోటళ్ళ మెనూలు ఈ సంగతి చెప్పవు.

పెంపకందారుకు చిక్కు ఇక్కడే వచ్చింది. ఆబోతుగా ఉంచుకోవలసిన కోడెను కోసి చూడలేడు కదా! అందుకని దాని సంతానాన్ని చూస్తారు. ఎంపిక చేసిన కోడెలను ముందు 112 రోజులు మేపి ఎదుగుదల కొలుస్తారు. నెగ్గిన వాటి వీర్యాన్ని వేర్వేరు ఆవులకు ఎక్కించి, పుట్టిన దూడలను దాదాపు రెండున్నరేళ్ళు మేపి కోతకు పంపుతారు. చూడి నెలలు కూడా కలుపుకుంటే, ఒక్క ఆబోతు సంగతి తేలేసరికి నాలుగైదేళ్ళు పడుతుంది.

కబేళాలో వచ్చిన అంకెలు వంశావళితో సరిపోలితేనే ఈ శ్రమకు అర్థం. దూడ మూతి తడి తుడిచి, సిరా పూసి, కాగితం అద్ది ముక్కుముద్ర తీస్తారు. ఏ రెండు పశువుల ముద్రలూ ఒకలా ఉండవు. ఈ వంశావళి, కబేళా దాఖలాల ఆధారంగా 1990ల నుంచి ఒక్కో పశువుకు ‘బ్రీడింగ్ వాల్యూ’ కడుతున్నారు. పెరిగిన ఊరు, కోసిన వయసు వంటి తేడాలను లెక్కలోంచి తీసేసి, వంశం పాలు ఎంతో చెప్పే అంకె అది. నల్ల వాగ్యూల్లో కొవ్వు చారల తేడాకు దాదాపు సగం వంశమే కారణమని అంచనా. ఇంత గట్టిగా వంశం మీద నిలిచే గుణం కాబట్టే ఎంపిక త్వరగా ఫలించింది. 1991లో జపాన్ దిగుమతి కోటాలు ఎత్తేశాక చవక మాంసం వచ్చిపడింది. ధరలో పోటీ పడలేని రైతులు గ్రేడునే నమ్ముకున్నారు.

అసలు ఈ పశువులు దున్నడానికీ బరువులు లాగడానికీ పెంచినవి. 1900 ప్రాంతంలో ప్రభుత్వం బ్రౌన్ స్విస్, సిమెంటల్, షార్ట్‌హార్న్ వంటి విదేశీ జాతులతో సంకరం చేయించింది. పశువులు పెద్దవయ్యాయి గానీ చురుకు తగ్గింది, మాంసం నాసి అయింది. పదేళ్ళు తిరిగేసరికి రైతులకు మోజు తీరిపోయింది. సంకరమంటే ఎక్కడా పనికిరాదని కాదు. ఒంగోలు జాతి రక్తంతో పెరిగిన బ్రెజిల్ నెలోర్ మందలు ఎండకు ఓర్చుకుంటాయి, కానీ వాటి మాంసంలో చారలు తక్కువ. అక్కడ మంచి గ్రేడు కావాలనుకునేవారు ఆంగస్‌తోనే సంకరం చేస్తారు. జపాన్‌లో మాత్రం పోగొట్టుకున్న గుణం కోసం వెనక్కి వెతుక్కోవలసి వచ్చింది. హ్యోగో రాష్ట్రంలోని తజిమా కొండల్లో, బయటి రక్తం సోకని కొద్దిపాటి ఆవులు ఒక మారుమూల పల్లెలో మిగిలాయి. ఆ వంశంలోనే 1939లో తజిరి అనే ఆబోతు పుట్టింది. కృత్రిమ గర్భధారణ లేకుండానే అది సుమారు 1,500 దూడలకు తండ్రి అయింది. దేశంలోని నల్ల వాగ్యూ పెంపకపు ఆవుల్లో 99.9 శాతం దాని సంతతేనని వాగ్యూ రిజిస్ట్రీ సంఘం 2012లో తేల్చింది.

తజిమా వంశానికి చారలు మెండు, ఒళ్ళు మాత్రం చిన్నది. తొట్టొరి రాష్ట్రపు ఆబోతు కెదకా వంశం భారీ ఒళ్ళుకు పేరు. అందుకే చాలా రాష్ట్రాలు రెంటినీ కలుపుకున్నాయి. హ్యోగో మాత్రం తన ఆబోతులతోనే సరిపెట్టుకుంటూ మందకు తలుపులు మూసేసింది.

గ్రేడు బాగా ఇచ్చే ఆబోతు వీర్యం కోసం అందరూ ఎగబడితే వచ్చే తరాలకు తండ్రులు కరువవుతారు. నల్ల వాగ్యూలు లక్షల్లో ఉన్నా, దగ్గరి రక్తం కలిసిన తీరు చూస్తే జన్యుపరంగా అది చిన్న మందే. దాగి ఉన్న లోపాలు అందుకే బయటపడ్డాయి. క్లాడిన్-16 లోపం వాటిలో ఒకటి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే దూడ మూత్రపిండాలు చెడతాయి. ఇప్పుడు ఆబోతులకు ముందే జన్యుపరీక్ష చేసి అలాంటి జతలు తప్పిస్తున్నారు. కొద్ది ఆబోతుల మీదే ఆధారపడితే ఇంకో ముప్పు కూడా ఉంది. 2010లో మియజాకీలో గాలికుంటు వ్యాధి వ్యాపించినప్పుడు అక్కడి ఆబోతుల కేంద్రం నుంచి ఆరు మేటి ఆబోతులను వేరే చోటికి తరలించారు. వాటిలో ఒకదానికి వ్యాధి సోకింది, అయిదే మిగిలాయి. కేంద్రంలో ఉన్న మిగతా ఆబోతులన్నిటినీ చంపేయవలసి వచ్చింది.

ఇప్పుడు నల్ల వాగ్యూ కోడెల్లో సగానికి మించి ఎ-5 తెచ్చుకుంటున్నాయి. అందరికీ ఫస్టు క్లాసు వస్తే మార్కులతో ఎవరినీ వేరుచేయలేం. అందుకే చూపు కొవ్వు ఎంతన్న దాని నుంచి ఎలాంటిదన్న దాని మీదికి మళ్ళింది. నోట్లో త్వరగా కరగడానికి తోడ్పడే ఓలియిక్ ఆమ్లం కూడా చాలావరకు వంశాన్ని బట్టే వస్తుంది. తొట్టొరి రాష్ట్రం కొవ్వులో ఆ ఆమ్లం 55 శాతమైనా ఉన్న మాంసాన్ని విడి పేరుతో అమ్ముతోంది. అయిదేళ్ళకోసారి జరిగే జాతీయ వాగ్యూ పోటీ 2022లో కగోషిమాలో జరిగినప్పుడు, కొవ్వు నాణ్యతకే ఒక విభాగం పెట్టారు.