ఎదురెక్కిన కాలువ

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలం రాజేశ్వర్‌రావుపేటలో వరద కాలువ మీద ఒక పంపుహౌస్ ఉంది. అందులో ఎనిమిది మోటార్లు, ఒక్కోటి 6.5 మెగావాట్లు. అవి నడిస్తే కాలువ వెనక్కి పారుతుంది.

శ్రీరాంసాగర్ నిండి పొర్లినప్పుడు మిగులు నీళ్లను 122 కిలోమీటర్ల దూరంలోని మధ్య మానేరుకు తీసుకుపోవడానికి తవ్విన కాలువ ఇది. 1963 జులై 26న పోచంపాడులో శ్రీరాంసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసిన నాటి గోదావరి వేరు. తర్వాత జలాశయంలో పూడిక పేరుకుంది, ఎగువన మహారాష్ట్రలో బాబ్లీ లాంటి కట్టడాలు లేచాయి. వరదే రాని ఏడాది వరద కాలువకు పనేముంటుంది? 2017 ఆగస్టు 10న పునరుజ్జీవన పథకానికి శంకుస్థాపన చేశారు. కాళేశ్వరం నీళ్లను రాంపూర్, రాజేశ్వర్‌రావుపేట, ముప్కాల్ దగ్గర మూడు మెట్లుగా ఎక్కించి శ్రీరాంసాగర్‌లో పోయాలి. 2023 జులైలో నీళ్లు నిజంగానే ఎదురెక్కాయి. ఆ అక్టోబరులోనే కాళేశ్వరం నీళ్లకు మూలమైన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి.

ఈ కాలువ సీమను తలచుకుంటే నాకు ఒక నవల గుర్తొస్తుంది. సుజాన్ కాలిన్స్ రాయగా 2008లో వచ్చిన ఆ ‘హంగర్ గేమ్స్’ మన పిల్లల్లోనూ చాలామందికి తెలుసు. ప్రకృతి తిరగబడి కూలిన దేశం, చాకిరీ చేసే పన్నెండు జిల్లాలు, కూర్చుని తినే రాజధాని. నాయిక పదహారేళ్లది, బొగ్గు గనుల జిల్లా పిల్ల. (నాకైతే గోదావరిఖనే మెదిలింది.) పిల్లలు దాన్ని రేపటి కథగా చదువుతారు. జగిత్యాల, సిరిసిల్ల పెద్దమనుషులకు అందులో సగం నిన్నటిదే. 1978 వేసవిలో కాలేజీ విద్యార్థులు పల్లెలకు తరలారు. సెప్టెంబరులో కూలీలు, రైతులు, ఆ పిల్లలు కలిసి జగిత్యాల జైత్రయాత్ర నడిపారు. వెట్టి చేయబోమన్నారు, దొరలు ఆక్రమించిన భూములు వదలమన్నారు. అక్టోబరుకల్లా ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

అప్పటి కొట్లాట భూమి కోసం. ఇప్పుడు నీళ్ల కోసం. ఇందులో దొర ఎవరో చప్పున చెప్పలేం. కాలువ గట్టు మీద మోటారు, పొలందాకా పైపులు వేసుకోగలిగిన రైతుకు నీళ్లు అందుతాయి. లేనివాడు తూము పెట్టమని దరఖాస్తు పట్టుకు తిరుగుతాడు.

కాలువ రెండో కొస మరీ చేదు. మధ్య మానేరులో కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, రుద్రవరం, చీర్లవంచ లాంటి ఊళ్లు మునిగాయి. భూమి తీసుకోవడానికీ ఊరు ఖాళీ చేయించడానికీ మధ్య ఏళ్లు గడిచాయి. సర్వే నాడు బడికి పోయే పిల్లలు సామాను ట్రాక్టరుకు ఎక్కించే నాటికి మీసాలొచ్చిన మగపిల్లలు, పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లలు అయ్యారు. 18 నిండితే పునరావాసంలో వేరే లెక్క, నిండకపోతే తల్లిదండ్రుల లెక్క. ఏ తేదీ నాటికి నిండాలి? నిర్వాసితుల ధర్నాల్లో ఏళ్ల తరబడి నలిగిన తగాదా ఇదే.

కుర్రకారు కోసం ఇలాంటి నవల తెలుగులో ఎవరైనా రాస్తానంటే, నాయిక వయసు ఆ తేదీకి పదిహేడేళ్ల పదకొండు నెలలు పెట్టమంటాను.