రెడ్‌మండ్‌లో కోవిడ్-19: జాగ్రత్తలు, ప్రజల వైఖరి

రెడ్‌మండ్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, కింగ్ కౌంటీలో ఉన్న నగరం. 2020 జనగణన ప్రకారం జనాభా 73,256. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండటంతో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. కోవిడ్ కాలంలో సర్కారు ఆజ్ఞ రాకముందే ఇక్కడ చాలామంది గడప దాటడం మానేశారు. దీన్ని పౌరచైతన్యం అని మెచ్చుకున్నవారున్నారు. ఇంట్లో కూర్చుని చేయగల ఉద్యోగాలు ఉండటమే అసలు కారణమనుకోవడం సత్యానికి దగ్గర.

ఈ ప్రాంతానికి మాస్కు కొత్త కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో పక్కనున్న సియాటిల్‌లో బడులు, థియేటర్లు, చర్చిలు మూసేశారు. మాస్కు లేనివారిని ట్రాము ఎక్కనివ్వలేదు. నవంబరు 11న యుద్ధం ముగిసిన వార్త రాగానే జనం వీధుల్లోకి వచ్చేశారు. మాస్కు నిబంధన కూడా ఆ రోజుల్లోనే పోయింది. అప్పటికి రెడ్‌మండ్ కొన్ని వందల మంది ఉన్న పల్లె.

అమెరికాలో తొలి కోవిడ్ కేసు 2020 జనవరి 21న ప్రకటించారు. రోగి పొరుగున ఉన్న స్నోహోమిష్ కౌంటీవాసి, వూహాన్ నుంచి వచ్చినవాడు. అప్పటికి అది ఎక్కడో చైనా జబ్బు. ఫిబ్రవరి 29తో ఆ ధీమా పోయింది. రెడ్‌మండ్‌ను ఆనుకుని ఉన్న కర్క్‌లాండ్‌లోని ఎవర్‌గ్రీన్‌హెల్త్ ఆసుపత్రిలో ఒకరు చనిపోయారు. దేశంలో మొదటి కోవిడ్ మరణంగా అప్పట్లో ప్రకటించింది దాన్నే. అదే ఊళ్లోని లైఫ్ కేర్ సెంటర్ అనే వృద్ధుల సంరక్షణాలయంతో ముడిపడిన మరణాలు చివరికి 30 దాటాయి. అప్పటి గవర్నర్ జే ఇన్‌స్లీ ఫిబ్రవరి 29నే రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి విధించారు.

మార్చి 4న మైక్రోసాఫ్ట్, వీలున్న ఉద్యోగులంతా ఇంటి నుంచే పనిచేయాలని చెప్పింది. రాష్ట్రమంతా ఇళ్లలోనే ఉండాలన్న ఆజ్ఞ మార్చి 23న గానీ రాలేదు. క్యాంటీన్, షటిల్ బస్సుల వంటి పనుల్లో గంటల లెక్కన కూలి తీసుకునే సుమారు 4,500 మందికి పని తగ్గినా జీతం ఆపబోమని కంపెనీ ప్రకటించింది. ఇది లేకుంటే జాగ్రత్త అన్నది ల్యాప్‌టాప్ ఉన్నవాడి సౌకర్యంగానే మిగిలేది.

మాస్కు విషయంలో గందరగోళానికి ప్రజలను తప్పుపట్టలేం. ఫిబ్రవరి చివర్లో మాస్కులు కొనవద్దన్న అధికారులే ఏప్రిల్ 3 నుంచి గుడ్డ మాస్కు కట్టుకోమన్నారు. కింగ్ కౌంటీ మే 18న, రాష్ట్రం జూన్ 26న నిబంధనలు తెచ్చాయి. ఆంక్షలను అందరూ ఒప్పుకోలేదు: ఏప్రిల్ 19నే రాష్ట్ర రాజధాని ఒలింపియాలో ఇళ్లలోనే ఉండాలన్న ఆజ్ఞకు వ్యతిరేకంగా వేలమంది గుమిగూడారు.

ఇక్కడి తెలుగువారికి ఇది రెండు ఊళ్ల జబ్బు. 2020 మార్చి 22 నుంచి భారత్‌కు విమానాలు ఆగిపోయాయి. 2021 ఏప్రిల్ 15 నాటికి వాషింగ్టన్‌లో 16 ఏళ్లు నిండిన ప్రతివారికీ టీకా అందుబాటులోకి వచ్చింది. సరిగ్గా ఆ వారాల్లోనే హైదరాబాద్‌లో, విజయవాడలో ఆక్సిజన్ కోసం, పడకల కోసం పరుగులు. మే 4 నుంచి భారత్ నుంచి వచ్చే ప్రయాణికులపై అమెరికా ఆంక్షలు పెట్టింది; పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మినహాయింపు దొరికింది. హెచ్-1బీ వీసాతో ఉన్నవారు మాత్రం, అమ్మానాన్నల దగ్గరికి వెళ్తే ఉద్యోగానికి తిరిగి రాగలమో లేదో తెలియక ఫోన్ పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ ఆంక్షలు నవంబరు 8 వరకు సాగాయి.

మైక్రోసాఫ్ట్ రెడ్‌మండ్ క్యాంపస్‌లోనే 2021 మొదట్లో టీకా కేంద్రం నడిచింది. అక్టోబరు 25 నుంచి కౌంటీలోని హోటళ్లలో లోపల కూర్చుని తినాలంటే టీకా ధ్రువపత్రమో, పరీక్ష ఫలితమో చూపాల్సి వచ్చింది. ఆ నిబంధన 2022 మార్చి 1న, బడులతో సహా చాలాచోట్ల మాస్కు నిబంధన మార్చి 12న ముగిశాయి. ఆసుపత్రుల్లో మాత్రం 2023 ఏప్రిల్ 3 దాకా కొనసాగింది.