ఇత్తడి గొట్టములోని చరిత్ర

ఎఱ్ఱమంజిల్ అనగానే పలువురు ఎఱ్ఱని మేడ యని తలతురు. 1870 ప్రాంతమున నవాబు ఫఖ్రుల్ ముల్కు దానిని కట్టించి ‘ఇరమ్ మంజిల్’ అని పేరిడెను. ఇరమ్ అనగా స్వర్గతుల్యమగు ఉద్యానము. జనుల నోట ఇరమ్ ఎఱ్ఱ యైనది. శాసనసభకు క్రొత్త భవనము కట్టుటకై ప్రభుత్వము ఆ మేడను పడగొట్టదలపగా, 2019 సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసెను. మేము సంతసించితిమి. కాని ఆ మేడల కాలమున ఈ నగరపు వీధులలో మ్రోగిన వాద్యములకు అట్టి రక్షణ ఏదియు లేదు. అవి పాతసామానుల అంగళ్లలో తూకమునకు పోవుచున్నవి.

1806లో సికిందరాబాదు దండు ఏర్పడినది. ఆంగ్లపటాలముల వెంట బ్యాండుమేళములు వచ్చినవి. ఆ పటాలపు బాణీయే క్రమముగా పెండ్లి ఊరేగింపులకు దిగినది. ఆ మేళములలో ట్రాంబోను మా మనస్సునకు మిక్కిలి నచ్చినది. దానికి మీటలు లేవు. ఒక గొట్టముపై మఱియొక గొట్టము జారును. గొట్టము సాగినకొలది స్వరము దిగును. మెట్లు లేని గోటువాద్యముపై కొయ్య జరుగునట్లు, ఏడు స్థానములలో చేయిపట్టు తెలిసి జరుపవలెను. ఈ యేర్పాటు మిగుల ప్రాచీనమైనది: 1551లో ఎరాస్ముస్ ష్నిట్జర్ చేసిన ట్రాంబోను నేటికిని నూరెంబర్గు ప్రదర్శనశాలలో ఉన్నది.

పాత ట్రాంబోనును చూచువారు మొదట వెడలుపాటి కొనపై చెక్కిన పేరు చదువవలెను. బూసీ, హాక్స్ అను లండను సంస్థలు 1930లో ఏకమైనవి. బూసీ పేరు మాత్రమే యున్నచో ఆ వాద్యము సాధారణముగా అంతకు ముందుదని గ్రహింపవచ్చును. మీరటులో 1885లో వెలసిన నాదిర్ అలీ సంస్థ పేరు కనబడినచో అది మన దేశపు పనివారి సృష్టి. దానిని తక్కువగా చూచుట మాకు సమ్మతము కాదు. పిమ్మట వాద్యమును వంచి జారుగొట్టమును మెల్లగా వదలవలెను. తన బరువుచేతనే తడబడక దిగినచో గొట్టము వంకర పోలేదన్నమాట. క్రింద పడకుండ చేయి పట్టుట మరువరాదు సుమా!

ఇంకొక చిక్కు కలదు. పూర్వము ఆంగ్ల బ్యాండుల శ్రుతి నేటికంటె హెచ్చు. 1939లో లండను సమావేశము సెకనునకు 440 కంపనములను ప్రమాణముగా నిర్ణయించినది. శ్రుతి దింపుటకై పాత గొట్టములకు అతుకులు వేయించినవారు కలరు. అతుకు పడని వాద్యము అరుదు.

మన యిండ్లలో ఇత్తడిని చింతపండుతో తోమి తళతళలాడించుట మర్యాద. పాత ట్రాంబోనుకు ఆ మర్యాదయే మృత్యువు. తోమిన కొలది చెక్కిన పేరు అరిగిపోవును, రేకు పలుచనగును. ఎఱ్ఱని మచ్చలు కనబడినచో తోముట నిష్ఫలము. ఇత్తడిలోని తుత్తునాగము తొలగి రాగి మిగిలినదని అర్థము.

పెండ్లిమేళమునకు పోయు ధనము విద్యకు వెచ్చింపుడని సంస్కర్తలు చెప్పుచు వచ్చిరి, మేమును చెప్పుదుము. అయినను ఆడంబరము పెండ్లివారిది, కష్టము వాద్యకారునిది. మూఢములో, ఆషాఢములో అతనికి ఊరేగింపు లేదు. సాలార్‌జంగు ప్రదర్శనశాలలో గడియారము గంట కొట్టుట చూచుటకు జనము గుమిగూడుదురు. ఊదినవాని పెదవులకు అరిగిన ట్రాంబోను ముందర ఎవరు నిలుతురు? కొనువారు వెలతోపాటు ఊదినవాని పేరును, అతడు వాయించిన మేళమును అడిగి, చీటిపై వ్రాసి పెట్టెలో ఉంచవలెను. ఆ పేరు ఇత్తడిపై ఎవరును చెక్కలేదు.